మోదుగ పూల బొంత

దౌలత్‌బీకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం తింటూ తింటూ లేస్తుంది, ఎందుకు లేచిందో మర్చిపోయి మళ్లీ కూర్చుంటుంది. పొయ్యి మీద పప్పు పెట్టి వీధి గుమ్మంలోకి వచ్చిందంటే, ఆ పప్పు మాడి వాసన పక్కింటి దాకా పోయినా ఆవిడకి పట్టదు. "నీ కాళ్ల కింద నిప్పులేమన్నా పోశారటే?" అని మొగుడు లాల్‌సాహెబు రోజుకోసారైనా అంటాడు. లాల్‌సాహెబు తిరువూరు బస్టాండు రోడ్డులో దర్జీ. పొద్దున మిషను ముందు కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నం అన్నానికే లేచే మనిషి. అలాంటివాడికి ఇలాంటి పెళ్లాన్ని రాసిపెట్టాడంటే ఆ అల్లాకి తమాషాలంటే ఇష్టమేనేమో!

ఇంత నిలకడ లేని మనిషీ ఒక్క పని దగ్గర మాత్రం కట్టేసినట్టు ఉండిపోయేది. అది బొంత కుట్టడం.

బొంత కుట్టని ఇల్లాలు ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఉంది కనక అంటారేమో. నిజమే. చిరిగిన చీరలు రెండు మూడు పొరలుగా పరిచి, పైన పాత పంచె కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పెద్ద సూదితో ఈ కొస నుంచి ఆ కొసకి వరసలు కుట్టుకుంటూ పోతే బొంత. చలికి కప్పుకుంటారు, పసిపిల్లల కింద పరుస్తారు, చిరిగితే ఇంకో ముక్క అతికిస్తారు. పెనుగొలనులో దౌలత్‌బీ తల్లి అలాగే కుట్టేది. చేతికి ఏ ముక్క తగిలితే ఆ ముక్క. "చిరుగు మూతపడిందా లేదా, అంతే!" అనేది ఆవిడ. కూతురు అలా కాదు. ఇంకా పరికిణీ సరిగ్గా కట్టుకోవడం రాని వయసులోనే, తల్లి అతికిన ఎర్రముక్కని విప్పి వేరేచోట పెట్టింది. అక్కడా బాగాలేదని మళ్లీ విప్పింది. వీపు మీద రెండు తగిలాయి. ఏడుస్తూనే మూడోసారీ విప్పింది.

కాపురానికి వచ్చాక ఆవిడ పంట పండింది. దర్జీ ఇంట్లో గుడ్డముక్కలకి కరువేమిటి! మిగిలిన ముక్కలు అడిగి పట్టుకుపోయేవాళ్లు పట్టుకుపోగా, అడగనివాళ్లవన్నీ లాల్‌సాహెబు సాయంత్రం గోనెసంచిలో వేసి ఇంటికి తెచ్చేవాడు. బడులు తెరిచే నెలలో ఖాకీ, తెలుపు. పెళ్లిళ్ల రోజుల్లో రవికెల గుడ్డల రంగులన్నీ. డెబ్బైల్లోకి వచ్చేసరికి బెల్‌బాటం పాంట్లు ఊరి మీద పడ్డాయి. "ఇదేం పాంటు, వీధి ఊడ్చుకుంటూ పోవడానికా!" అని లాల్‌సాహెబు సణుక్కుంటూనే కుట్టేవాడు. మోకాలి దగ్గర నొక్కి కింద గొడుగులా విప్పే ఆ పాంట్ల పక్కన, మొనలు తేలిన పొడుగాటి ముక్కలు మిగిలేవి. దౌలత్‌బీ వాటిని నేల మీద పరుచుకుని చుట్టూ తిరిగేది. అటు నుంచి చూసేది, ఇటు నుంచి చూసేది. ఒకరోజు వాటిలో వాన కనపడింది. గాలికి వాలుగా కొట్టే వాన. ఆ బొంతని తర్వాత పెద్దచెల్లెలు కాన్పుకి వచ్చి పట్టుకుపోయింది. దాని కొడుకు ఆ బొంతని ఎన్నిసార్లు తడిపాడో లెక్కలేదు. దౌలత్‌బీకి అదేం బాధ లేదు, బొంత అయిపోయాక ఆవిడకి దానితో పని తీరిపోయినట్టే.

బాధల్లా మధ్యలో వచ్చేది. ఒక బొంత అయిపోయి ఇంకోటి తోచేలోపు. ఆ తోచడం ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడకీ తెలియదు. వస్తే పొయ్యి దగ్గర గరిటె తిప్పుతుండగా వస్తుంది, రాకపోతే నెలల తరబడి రాదు. అప్పుడు ఇల్లు పట్టేది కాదు. బస్టాండుకి పోయి వచ్చేపోయేవాళ్ల చీరలు చూసేది. పత్తి బండ్ల వెంట నడిచేది. నారుమళ్ల గట్టు మీద నిలబడి పక్కపక్క మళ్లలో ఒక పచ్చకీ ఇంకో పచ్చకీ తేడా చూసుకునేది. లాల్‌సాహెబు కొట్టు పక్కనే అరటిపళ్లమ్మే జోజమ్మ నవ్వేది. "ఏం దౌలత్‌బీ, ఏమన్నా పారేసుకున్నావా? బొంతంటే కప్పుకుంటానికే గానీ గోడకి కట్టుకుంటానికా?" అనేది. జోజమ్మ నోట్లో మాట పడిందంటే మైలవరం బస్సు కదిలేలోపు ఊరంతా తిరిగొస్తుంది. అందుకని దౌలత్‌బీ నవ్వి ఊరుకునేది.

ఆ ఏడు శివరాత్రి వెళ్లిన వారం, ఎ.కొండూరులో ఉన్న అక్క ఖాసింబీని చూసి బస్సులో తిరిగొస్తోంది. కిటికీ పక్క సీటు. ఎండ. దారి పక్కన గుట్టలు ఆకు రాల్చి, గొరిగిన తలల్లా ఉన్నాయి. ఒక మలుపు తిరిగేసరికి, ఆ బోడి గుట్ట మీద మోదుగ చెట్లు. ఒక్క ఆకు లేదు. నల్లటి వంకర కొమ్మలు, వాటి నిండా పూలు.

మోదుగ పూలు ఆవిడ అంతకుముందు చూడలేదా? పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. కానీ ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు.

"ఆపండి! ఆపండయ్యా బస్సు!"

కండక్టరు కంగారుపడి బెల్లు కొట్టాడు. "ఏమైందమ్మా? ఇక్కడేం ఊరుంది దిగటానికి?"

"నాకు పనుంది."

"ఈ గుట్టల్లోనా? దయ్యాలు కూడా దిగవు ఇక్కడ!"

ఆవిడ దిగనే దిగింది. బస్సులో వాళ్లంతా కిటికీల్లోంచి తలలు బయట పెట్టి చూశారు. ముళ్లకంపలు చీరకి పట్టుకుంటున్నా లెక్కచేయకుండా గుట్ట ఎక్కి, ఆ చెట్ల మధ్య చాలాసేపు తిరిగింది. ఎరుపు కాదు. పసుపు కాదు. నిప్పు అందామంటే నిప్పులో ఇంత చలవ ఉండదు. పూరేకు మీద వేలితో రాస్తే మెత్తగా, కొంచెం మెరుస్తూ ఉంది. ఒడినిండా కోసుకుని, తర్వాతి బస్సు పట్టుకుని ఇంటికొచ్చేసరికి లాల్‌సాహెబు ఆకలితో నకనకలాడుతూ గుమ్మంలో ఉన్నాడు. తెల్లవారేసరికి ఆ పూలన్నీ వడిలి నల్లబడిపోయాయి.

ఇక చూడాలి ఆవిడ అవస్థ! బోడి గుట్టకి ముక్కలు చిటికెలో దొరికాయి. వెలిసిన ఖాకీ, బూడిద రంగు, ముక్కుపొడుం రంగు. కొమ్మలకి నల్ల పాంట్ల మొనలు ఎలాగూ ఉన్నాయి. వారం తిరిగేసరికి గుట్టా చెట్లూ బొంత మీద నిలబడ్డాయి. పూలే లేవు. మిరపపండు ఎరుపు పెట్టింది. గుట్ట మీద మిరపకాయలు ఆరబోసినట్టుంది. పసుపు పెట్టింది, పెళ్లిపందిరి అయింది. కాషాయం పెడితే సన్యాసులు వరసగా కూర్చున్నట్టు కనపడింది. మళ్లీ గుట్టకి పోయి పూలు తెచ్చి, కుండలో ఉడికించి, ఆ నీళ్లలో తెల్లగుడ్డ ముంచింది. గుడ్డ లేత పసుపై ఊరుకుంది. ఆ కోపంలో కుండ పగలగొట్టింది. రథం సెంటర్లో బట్టల కొట్ల మెట్లన్నీ ఎక్కి దిగింది. ఒకరోజు బస్టాండులో ఎవరిదో చీర కొంగు చూసి వెంటపడి బస్సెక్కేసింది. దగ్గరికి పోతే అది ఇటుకరాయి రంగు. కండక్టరు టికెట్టు అడిగేసరికి నాలిక కరుచుకుని దిగిపోయింది.

"ఏదో ఒకటి పెట్టి ముగించవే. ఎవరడిగారు నిన్ను?" అన్నాడు లాల్‌సాహెబు విసుగొచ్చి.

"నేనడుగుతున్నా" అంది దౌలత్‌బీ.

ఆయన తల కొట్టుకుని కొట్టుకి పోయాడు. ఎండలు ముదిరాయి. గుట్ట మీద మోదుగ పూలు రాలిపోయి చిగుళ్లొచ్చాయి. బొంత మాత్రం పూలు లేని చెట్లతో చాప చుట్టినట్టు చుట్టి మూల నిలబడి ఉంది.

వైశాఖంలో నాగేంద్రమ్మ గారు గుడ్డ తెచ్చారు. నాగేంద్రమ్మంటే పెద్ద రైతు దశరథరామయ్య గారి భార్య. మామిడి తోటలూ పత్తి చేలూ ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో అందరి బట్టలూ లాల్‌సాహెబే కుట్టాలి. ఆవిడకో పట్టింపు ఉంది. కుట్టినవాటితోపాటు మిగిలిన ముక్కలన్నీ, వేలెడు పీలిక అయినా సరే, మూటగట్టి ఇవ్వాలి. "దర్జీ కత్తెరకి కన్నతల్లి గుడ్డయినా ఒకటే" అని ఊళ్లో ఒక మాట ఉండేది. ఆ మాట తన మీద పడకుండా లాల్‌సాహెబు నిప్పులా బతికాడు. ఆయనకి మేడలు లేవు, మడులు లేవు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. అడిగినవాళ్లకి దారప్పోగుతో సహా అప్పజెప్పేవాడు.

నాగేంద్రమ్మ గారి అమ్మాయి ప్రమీలారాణికి ఓణీల వేడుక పెట్టుకున్నారు. లంగాకీ జాకెట్టుకీ బెజవాడలో సాటిన్ గుడ్డ కొన్నారు. కొలతకి ఆదిగా పిల్ల నిరుటి లంగా కూడా ఇచ్చారు. కొట్లో ఎలకలు తిరుగుతున్నాయని లాల్‌సాహెబు ఆ మూట ఇంటికి తెచ్చి ట్రంకుపెట్టెలో పెట్టాడు. "దీని జోలికి పోకు, నాగేంద్రమ్మ గారిది" అని మాత్రం చెప్పాడు.

చెప్పకపోయినా బాగుండేది. దౌలత్‌బీ పెట్టె తెరిచింది. మూట విప్పింది.

మోదుగ పువ్వు!

అదే రంగు. అదే మెత్తదనం. వేలితో రాస్తే అదే మెరుపు. దౌలత్‌బీ మూట కట్టేసి, పెట్టె మూసి, వంటింట్లోకి పోయి మంచినీళ్లు తాగింది. వాకిట్లోకి పోయింది. మళ్లీ వచ్చి తెరిచింది. మళ్లీ మూసింది. రెండు రోజులు ఇదే పని. మూడో రోజు శుక్రవారం, లాల్‌సాహెబు జుమ్మా నమాజుకి వెళ్లిన వేళ, గుడ్డ నేల మీద పరిచింది. దర్జీ పెళ్లాం కదా, లెక్క తెలుసు. ఆది లంగా పొడుగు జానలతో కొలిచింది. లంగాకి అంత పొడుగున్న ముక్కలు మూడు కావాలి, పైన జాకెట్టు. అన్నీ పోగా జానెడు గుడ్డ మిగులుతోంది. మళ్లీ కొలిచింది. జానెడే. ఎలాగూ మిగిలేదేగా, ఎవరికి నష్టం అనుకుంది.

కత్తిరించాక ఆ మిగులు నాగేంద్రమ్మ గారి మూటలోకి పోతుందని ఆవిడకి తెలుసు. అందుకే ముందే తీసింది. ఆ 'అందుకే' దగ్గరే దౌలత్‌బీ దొంగయింది, ఇందులో ఆవిణ్ణి వెనకేసుకురావడానికేమీ లేదు. కానీ ఆ క్షణంలో ఆవిడకి దొంగతనం గుర్తులేదు, గుట్ట గుర్తుంది. పోగు తప్పకుండా తిన్నగా కోసి, మిగతాది ఎలా ఉన్నది అలా మడిచి పెట్టేసింది.

ఆ ముక్కని పూరేకులుగా కత్తిరించి, ఆయన ఇంట్లో లేని వేళల్లో కొమ్మల మీద కుడుతుంటే, చేతులు వాటంతటవే పోయాయి. ఆ రెండు రోజులు పప్పు మాడలేదు, అసలు వండితేగా! లాల్‌సాహెబు జోజమ్మ దగ్గర అరటిపళ్లు కొనుక్కుతిని సర్దుకున్నాడు. ఆఖరి రేకు కుట్టి లేచి, బొంతకి దూరంగా జరిగి చూసుకుంది. పట్టపగలు, నట్టింట్లో, గుట్ట మండుతోంది. ఆవిడకి నవ్వొచ్చింది. ఒక్కత్తే పెద్దగా నవ్వింది. తర్వాత మడిచి మంచం కింద పెట్టింది.

సోమవారం లాల్‌సాహెబు కొట్లో సాటిన్ పరిచాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గుడ్డ తగ్గిందే" అన్నాడు, అరుగు మీద కూలబడి. "మూడో ముక్క దగ్గర జానెడు తగ్గింది. బెజవాడ కొట్టువాడు కొలత కొట్టాడనుకుని ఆవిడ దగ్గరికే పోయి చెప్పా. 'నా కళ్ల ముందు కొలిపించి తెచ్చా లాల్‌సాహెబూ, తగ్గితే నీ దగ్గరే తగ్గాలి' అంది. చుట్టాలంతా ఉన్నారు. నాకు అన్నం పెట్టే కత్తెర మీద ఒట్టేశా. ఒక్కళ్లు కూడా నమ్మలా."

"ఆది లంగా ఉందిగా? దాని లెక్కన సరిపోవాలే!" అంది దౌలత్‌బీ.

"ఆది నిరుటిది. పిల్ల ఎదగలేదటే? నాలుగు వేళ్లు పొడుగు పెంచమని ఆవిడ కొట్లోనే చెప్పింది. మూడు ముక్కలకీ నాలుగేసి వేళ్లు."

మూడు నాలుగులు పన్నెండు వేళ్లు, అంటే జానెడు. పిల్ల ఎదిగిందనే కదా ఆ వేడుక, ఆ లంగా, ఆ గుడ్డ! ఊళ్లో ఏ ఆడదానికైనా తట్టే ఆ మాట, అంత లెక్క తెలిసిన దర్జీ పెళ్లానికి తట్టలేదు. దౌలత్‌బీ లోపలికి పోయి బొంత తెచ్చి ఆయన ముందు పరిచింది. లాల్‌సాహెబు వంగి పూరేకుల మీద వేలు పెట్టాడు. సాటిన్ అంచు తడిమాడు. ఒక రేకు మీద నుంచి ఇంకో రేకు మీదకి వేలు పోతోంది. ఎన్ని రేకులో అంత గుడ్డ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కొట్టు. తిట్టు. ఏదన్నా అను" అంది దౌలత్‌బీ.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు ఆయన. "నన్ను దొంగంటే పడతా. నిన్నంటే వినలేను." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మాటకన్నా నాలుగు తన్నినా బాగుండేదనిపించింది ఆవిడకి.

మర్నాటి నుంచీ కొట్టుకి మనుషులు రావడం మొదలుపెట్టారు, కుట్టించుకోవడానికి కాదు. "కొంచెం తొందర పనుంది లాల్‌సాహెబూ, ఆ గుడ్డ ఇలా ఇచ్చెయ్యి" అని కోయని గుడ్డలు కోయకుండానే పట్టుకుపోతున్నారు. ఒకాయన అక్కడే నిలబడి మూరతో కొలుచుకుని మరీ తీసుకుపోయాడట. ఆ సంగతి జోజమ్మే చెప్పింది, అరటిగెల సర్దుకుంటూ. దౌలత్‌బీ ఇంట్లో గోడ నుంచి గోడకి తిరిగింది. మొగుడు చెప్పద్దన్నాడు. చెప్పకపోతే మొగుడే మిగలడు. ఇంక ఉండబట్టలేక, చెప్పుల్లేకుండానే నాగేంద్రమ్మ గారింటికి పోయింది.

పందిరి గుంజలు పాతుతున్నారు. వసారాలో ఆడవాళ్లు పసుపు కొమ్ములు దంచుతున్నారు. దౌలత్‌బీ వాకిట్లో నిలబడి గట్టిగానే చెప్పింది. "అమ్మగారూ, మీ గుడ్డ తీసింది నేనండీ. మా ఆయనకి తెలీదండీ. నేను దొంగని."

రోకళ్లు ఆగిపోయాయి. నాగేంద్రమ్మ గారు ఎగాదిగా చూసి నిట్టూర్చారు. "ఎంత మంచిదానివే దౌలత్‌బీ! మొగుడి తప్పు నెత్తినేసుకుంటానికి ఇంతదూరం నడిచొచ్చావా?"

"కాదండీ, నిజంగానే నేనేనండీ!"

"నువ్వు తీసి ఏం చేసుకుంటావే, జానెడు గుడ్డ? రవికక్కూడా రాదు. అమ్ముకుంటే ఎవడు కొంటాడు? కాళ్లకి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చావు, నీ మొహం చూస్తే తెలియట్లా?"

"బొంతలోకండీ..."

వసారాలో ఎవరో కిసుక్కున నవ్వారు. సాటిన్ గుడ్డతో బొంతా! ఇంకెవరో "పతివ్రతంటే ఇలా ఉండాలి" అన్నారు. నాగేంద్రమ్మ గారు జాలిపడి లోపలి నుంచి నాలుగు మామిడిపళ్లు తెప్పించి ఆవిడ కొంగులో వేయించారు. వద్దంటున్నా వినలేదు.

ఆవిడ ఇల్లు చేరేలోపే కబురు బస్టాండు చేరింది. లాల్‌సాహెబు అంతకుముందు ఒట్టి దొంగ, ఇప్పుడు పెళ్లాన్ని పంపి నేరం ఒప్పించే చవట కూడా అయ్యాడు. "ఎంత మొగాడయ్యా! ఆడకూతుర్ని ముందుకి తోస్తాడా?" అని కొట్టు ముందే అనుకుంటూ పోయారు. ఆ మధ్యాహ్నం ఆయన మిషను మీద గుడ్డ కప్పి ఇంటికొచ్చాడు. మామిడిపళ్లు చాటలో అలాగే ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఇదెక్కడి ఊరు! లేని దొంగతనం అంటగట్టమంటే క్షణంలో అంటగడుతుంది, ఉన్న దొంగతనం కాళ్లావేళ్లా పడి ఒప్పుకుంటే నమ్మదు!

నమ్మించడానికి ఇంట్లో ఒక్కటే ఉంది. దాన్ని పట్టుకుపోతే ఇక తిరిగి రాదని కూడా తెలుసు. మర్నాడు పొద్దున ఆయన కొట్టుకి పోగానే, ఆవిడ మంచం కిందకి వంగి మళ్లీ లేచింది. పెరట్లోకి పోయి మొహం కడుక్కుంది. వచ్చి, ఇంకేమీ ఆలోచించకుండా బొంత తీసి నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

నాగేంద్రమ్మ గారి వాకిట్లో, పందిరి కింద, బొంత విదిలించి పరిచింది. కొసలు లేవకుండా నాలుగు రాళ్లు తెచ్చి మూలల మీద పెట్టింది.

వసారాలోంచి ఆడవాళ్లు ఒక్కొక్కళ్లే దిగి వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ప్రమీలారాణి తల్లి భుజం మీద నుంచి తొంగిచూసి, "అమ్మా, మన గుట్ట!" అంది. నాగేంద్రమ్మ గారు మోకాళ్ల మీద కూర్చున్నారు. విస్తరాకుల కోసం మోదుగ చెట్లెక్కిన బాల్యం ఆవిడదీను. చాలాసేపు చూశారు. ఒక పువ్వు కింద వేలు పెట్టి, కొమ్మ వెంట మొదలు దాకా తీసుకుపోయారు.

"వేరే రంగు పెట్టలేకపోయావటే?" అన్నారు ఎటో చూస్తూ.

"అన్నీ పెట్టి చూశానండీ. చచ్చిన చెట్లలా ఉన్నాయి."

"ఎన్నాళ్ల నుంచి కుట్టుకుంటూ కూర్చున్నావు?"

"కూర్చోలేదండీ. శివరాత్రి కాణ్ణించీ ఆ రంగు కోసం తిరుగుతానే ఉన్నా. మీ మూటలో కనపడింది."

నాగేంద్రమ్మ గారు ఒక్కసారిగా లేచారు. మొహం ఎర్రబడింది. "లాల్‌సాహెబుకి ఈ రంగుతో ఏం పనే! వాడికి ఇది తోచేదా? నువ్వే! నువ్వే తీశావు! నా పిల్ల వేడుక గుడ్డ కోసి పువ్వులు చేసుకున్నావటే, దొంగముండా!"

"అవునండీ" అంది దౌలత్‌బీ. ఇన్ని రోజుల తర్వాత ఆవిడకి ఊపిరి నిండుగా ఆడింది. "అదేనండీ నేను చెప్పేది!"

"ఇది నా గుడ్డ. నా ఇంట్లోనే ఉంటుంది."

"ఉంచుకోండమ్మా. కానీ ఆ మాట ఇక్కడంటే చాలదు. మా కొట్టు దగ్గరికొచ్చి అనండి."

చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు. దశరథరామయ్య గారి భార్యని బస్టాండు రోడ్డుకి నడవమనడమా! నాగేంద్రమ్మ గారు బొంత వైపు ఇంకోసారి చూశారు. ఏమనుకున్నారో, చెంగు భుజం మీదుగా లాక్కుని ముందు నడిచారు. వెనక దౌలత్‌బీ.

లాల్‌సాహెబు అప్పుడే కొట్టు తెరిచి, పని లేక, మిషనుకి నూనె వేసుకుంటున్నాడు. నాగేంద్రమ్మ గారు రోడ్డు మధ్యన నిలబడ్డారు. "లాల్‌సాహెబూ! నా గుడ్డ దొంగిలించింది నీ పెళ్లాం. నీకేం సంబంధం లేదు. నా కళ్లతో చూసొచ్చా. తొందరపడి నిన్ను అనకూడని మాటన్నా." జోజమ్మ వైపు తిరిగారు. "విన్నావుగా? ఇది కూడా చెప్పు ఊరంతా. తక్కువ చెప్పావో, ఊరుకోను. ఇంకో గుడ్డ రేపు పంపిస్తా లాల్‌సాహెబూ, లంగా నువ్వే కుట్టాలి."

బస్సు కోసం నిలబడ్డ జనమంతా దౌలత్‌బీనే చూస్తున్నారు. జోజమ్మ చేతిలో అరటిపండు చేతిలోనే ఉండిపోయింది. నాగేంద్రమ్మ గారు వచ్చినంత విసురుగానూ వెళ్లిపోయారు. లాల్‌సాహెబు కొట్టు మెట్టు దిగి వచ్చి పెళ్లాం ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి.

"బొంతేదే?"

"ఇచ్చేశా."

"మళ్లీ ఇవ్వరా?"

"ఇవ్వరు. నువ్వు చూశావుగా, అరుగు మీద పరిచినప్పుడు."

లాల్‌సాహెబు తల అడ్డంగా ఊపాడు. "లేదే. ఆ రోజు నాకు గుడ్డే కనపడింది. బొంతని నేను చూడనేలేదు" అన్నాడు.

అప్పటిదాకా బిగపట్టుకున్న దౌలత్‌బీ, నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా ఏడ్చేసింది.